ఉచ్చగుడ్డలు ఎవరు ఉతికారు?

కాన్పు కోసం హిందూపురంలో అమ్మ దగ్గరికి వెళ్ళేటప్పటికే నేనొక నిర్ణయానికి వచ్చాను. బిడ్డకు ప్యాకెట్ డైపర్లు వాడను, గుడ్డలే వాడతాను. అప్పటికి రెండు నెలలుగా అవే చదువుతున్నాను. డైపర్‌లో ఎంత ప్లాస్టిక్ ఉంటుంది, లోపలి పొడి ఏమిటి, మట్టిలో అది ఎన్నాళ్ళుంటుంది... బెంగుళూరులో ఉండే స్నేహితురాలు గుండీలున్న కొత్తరకం గుడ్డ డైపర్లు నాలుగు పంపింది. వాటి ఖరీదు చూసి అమ్మ ముక్కున వేలేసుకుని, బీరువా కింది అరలోంచి తన మూట తీసింది. అవ్వ కట్టి వదిలిన నూలు చీరలు, నాన్న పాత పంచెలు. అన్నీ ఉతికి, రెండు సైజుల్లో చింపి, అంచులు కుట్టకుండా మడిచి పెట్టింది. కుట్టితే ఆ కుట్టు బిడ్డ తొడకు ఒరుసుకుంటుందట. నాకు ఏడో నెల పడ్డప్పటి నుంచి ఆమె చేస్తున్న పని అది. నేను ఇంగ్లీషు పుస్తకాలు చదివి తీసుకున్న నిర్ణయం మా ఇంట్లో అప్పటికే మూటకట్టి ఉందని సంబరపడ్డాను.

పాప పుట్టిన మూడో రోజు, ఇంట్లో పనిచేసే అక్క అమ్మను కాదని నా మంచం దగ్గరికే వచ్చి చెప్పింది. "పాపా, ఇల్లు ఊడుస్తా, గిన్నెలు తోముతా, మీ బట్టలు ఉతుకుతా. ఆ గుడ్డలు మాత్రం ఉతకను. మాయమ్మ ఊర్లో అందరి బిడ్డలవీ ఉతికె. నా చేతుల్తో ఇంకోరి ఉచ్చగుడ్డ ముట్టేది లేదని సిన్నప్పుడే అనుకుంటి."

నాకు ముందు కోపం వచ్చింది. రాసుకోడానికి సిగ్గుగా ఉన్నా అదే నిజం. జీతం పెంచుతామంటే ఒప్పుకుంటుందేమో అని కూడా అనుకున్నాను. పదేళ్ళుగా కులం గురించీ, ఆడవాళ్ళ శ్రమ గురించీ సెమినార్లలో పేపర్లు చదివిన దాన్ని. ఆమె పెద్ద గొంతుతో ఏమీ అనలేదు, చెప్పాల్సింది చెప్పి వెళ్ళి గిన్నెలు తోముకుంది.

పుట్టిన బిడ్డ రోజుకు పదిహేను, ఇరవై గుడ్డలు తడుపుతుంది. అవన్నీ అమ్మ ఉతికింది. పెరట్లో బండ దగ్గర పీట వేసుకుని, మోకాళ్ళ నొప్పితో. ఆ వేసవిలో మా వీధికి కొళాయి నీళ్ళు రోజూ వచ్చేవి కావు. ట్యాంకరు నీళ్ళు డ్రమ్ముల్లో పట్టి, మొదటి జాడింపుకు బియ్యం కడిగిన నీళ్ళు, రెండోదానికి కొంచెం మంచివి, ఇట్లా లెక్క చూసుకుంటూ ఉతికింది. ఆదివారాలు బెంగుళూరు నుంచి వచ్చే నా భర్త ఒకసారి రెండు గుడ్డలు ఉతికి, ఫోటో తీయించుకున్నాడు. నేను కాన్పు నొప్పుల్లో, పాలు పట్టే హడావిడిలో ఉండి, ఆ తీగ మీద ఆరుతున్న గుడ్డల్ని కిటికీలోంచి చూసి మురిసిపోయాను. ఇరవయ్యో రోజున అమ్మ చేతివేళ్ళ సందుల్లో సబ్బుకు ఒరిసిపోయి పుండ్లు పడటం చూశాను. "గుడ్డలే వాడతాను" అన్నప్పుడు ఆ వాక్యానికి కర్త ఎవరు? క్రియ ఎవరు చేశారు?

ఈ వ్యాసం అక్కడ మొదలైంది.

నా డాక్టరేటు ఆడవాళ్ళ పాటల మీద. లాలిపాటలు, జోలపాటలు, పురిటి పాటలు చాలా సేకరించాను. పాప పుట్టాక ఆ నోటుపుస్తకాలు మళ్ళీ తిరగేస్తే ఒక సంగతి తట్టింది. నేను సేకరించిన లాలిపాటల్లో బిడ్డ ఏడుస్తుంది, నవ్వుతుంది, అలుగుతుంది, నిద్రపోతుంది. కానీ తడపదు. ఉయ్యాల బంగారు గొలుసులతో ఉంటుంది, అందులో పరిచిన పట్టు పాడవదు. మాటలోనే ఈ విభజన ఉంది. రాతలో 'పొత్తిగుడ్డ', 'పొత్తిళ్ళు'. తెలుగు బైబిల్లో శిశువైన యేసును చుట్టినవీ పొత్తిగుడ్డలే. కవిత్వంలో తరచూ కనిపించే మాట. మా సీమ ఇళ్ళల్లో ఎవరూ ఆ మాట అనగా నేను వినలేదు. 'ఉచ్చగుడ్డ' అంటారు. పొత్తిగుడ్డ బిడ్డను చుట్టేది, ఉచ్చగుడ్డ ఉతకాల్సింది. మన సాహిత్యం మొదటి మాట తీసుకుని రెండోదాన్ని పెరట్లో వదిలేసింది.

స్త్రీవాద కవిత్వం దీన్ని కొంత సరిచేసింది, కాదనను. విమల వంటింటి గురించి రాసింది. కొండేపూడి నిర్మల లేబర్ రూం గురించి రాసింది. 1993లో 'నీలిమేఘాలు' వచ్చేనాటికి అప్పటిదాకా కవిత్వం కాదనుకున్న గదుల తలుపులన్నీ మనం తెరిచామనే అనుకున్నాం. అయితే లేబర్ రూం నుంచి ఇంటికి వచ్చాక, ఆ బట్టల బుట్ట ఎవరు మోశారన్న ప్రశ్న వచ్చేసరికి కవయిత్రి కులం కూడా అడగాల్సి వస్తుంది. వంటిల్లు చాలామంది ఆడవాళ్ళకు ఉమ్మడి అనుభవం. చాకిరేవు కాదు.

*

పెనుకొండలో నేను కలిసిన రజక అవ్వకు డెబ్భై దాటాయి. కొండ కింద పాత వీధిలో కొడుకు దగ్గర ఉంటుంది. కొడుకు ఇస్త్రీ బండి పెట్టుకున్నాడు. ఉచ్చగుడ్డల గురించి అడగడానికి వచ్చానంటే ముందు నమ్మలేదు. కోట గురించి అడగడానికి వచ్చేవాళ్ళుంటారు. 1565 తర్వాత విజయనగర రాజులు హంపి వదిలి ఇక్కడికి వచ్చారు కాబట్టి పెనుకొండలో రాళ్ళకు చరిత్ర ఉంది. "దీనికి కూడా పుస్తకం రాస్తారా మా?" అని నవ్వింది. తర్వాత మూడు గంటలు మాట్లాడింది.

ఆమె మాటల్లో: పురుడు వచ్చిన ఇంటి నుంచి కబురు వస్తుంది. మంత్రసాని లోపల, ఈమె వాకిట్లో. మొదటి రోజు నెత్తురు గుడ్డలు, తర్వాత పురుడు కడిగేదాకా బాలింతవీ బిడ్డవీ అన్నీ. ఇంటివాళ్ళు వాటిని తాకరు. కర్రతో బుట్టలోకి నెడతారు, ఈమె చేత్తో తీసుకుంటుంది. చెరువు అలుగు వైపు, కిందికి పారే నీళ్ళలో ముందు జాడించాలి, ఊరివాళ్ళు నీళ్ళు ముంచుకునే చోట కాదు. తర్వాత సౌడు మన్ను కలిపిన నీళ్ళలో నానబెట్టి, బానలో ఉబ్బకు వేసి, ఆవిరికి ఉడికాక బండ మీద ఉతికి, ముళ్ళకంప మీద కాకుండా గడ్డి మీద ఆరేయాలి. ముల్లు ఇరుక్కుంటే బిడ్డకు గుచ్చుకుంటుంది కదా. పొద్దుమునిగే లోపల తెచ్చివ్వాలి. చీకటి పడ్డాక బిడ్డ గుడ్డ బయటుంటే పక్షిదోషం తగులుతుందని నమ్మకం. ఆ నమ్మకానికి శాస్త్రీయ కారణం వెతకడం నా పని కాదు గానీ, దానివల్ల మబ్బు పట్టిన రోజున ఆమెకు ఎంత హడావిడి ఉండేదో ఊహించగలను. బిడ్డకు ఏ జ్వరమొచ్చినా గుడ్డలు సరిగా ఉతకలేదన్న మాట ముందు ఈమెకే తగిలేది.

"ఏమిస్తాండ్రి అవ్వా?" అని అడిగాను. "కళ్ళంలో మేర. అందరికీ ఇచ్చినట్లే రాగులో జొన్నలో. పురిటికని వేరే ఒక చేట బియ్యం, ఆ బాలింత విడిచిన పాత చీర. పొద్దూ మాపూ సంగటి ముద్ద." పొలాల్లో వేరుశనగ వేయడం ఎక్కువై, పంట నేరుగా మండీకి పోవడం మొదలయ్యాక కళ్ళంలో గింజ తగ్గిందని, మేర అడగబోతే 'శనక్కాయలు కొలిస్తే నీకు కూడు అవుతుందా' అనేవాళ్ళని చెప్పింది.

మేర వెనక ఉన్న వ్యవస్థ పాతది. విజయనగర కాలం నుంచీ చెప్పుకునే పన్నిద్దరు ఆయగాళ్ళలో చాకలి ఒకరు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్ళకు ఒప్పగించాడు. 1807 దాకా థామస్ మన్రో దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరు. 1812లో బ్రిటిష్ పార్లమెంటు ముందుకు వెళ్ళిన ఐదో నివేదికలో ఊరి సేవకుల జాబితా ఒకటుంది. చరిత్ర చదివిన వాళ్ళందరికీ తెలిసిందే. కరణం, తలారి, తోటి, చెరువు చూసేవాడు, పంచాంగం చెప్పే బ్రాహ్మడు, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, వైద్యుడు... చివరికి కవి కూడా ఉన్నాడు. ఆ జాబితాలో ఆడమనిషి ఒక్కతే, నాట్యం చేసే స్త్రీ. మంత్రసాని లేదు. చాకలి ఉన్నాడు, అయితే పుంలింగంలో ఉన్నాడు. ప్రతి ఇంటి పురుడూ నడిపించిన ఇద్దరు ఆడవాళ్ళూ ఊరి లెక్కకు రాలేదు. చాకలికిచ్చే మేరలో చాకలి భార్య పని కలిసిపోయింది, మంత్రసానికి ఇచ్చేది లెక్కే కాదు.

కంచ ఐలయ్య 2009లో వచ్చిన 'పోస్ట్ హిందూ ఇండియా'లో చాకలి కులం గురించి రాసిన అధ్యాయానికి 'సబాల్టర్న్ ఫెమినిస్టులు' అని పేరు పెట్టారు. ఈ కులంలో మగవాడు కూడా ఆడవాళ్ళ బట్టలు ఉతుకుతాడు, ఉతకడం ఆడపని అనే విభజన వాళ్ళలో లేదు అన్నది ఆయన వాదన. మన ఇళ్ళల్లో మగవాళ్ళను తలుచుకుంటే ఆ మాటకు బలం ఉంది. మా ఇంట్లో ఫోటో సంగతి చెప్పాను కదా. అయితే ఈ మాట అవ్వకు చెప్తే సగమే ఒప్పుకుంది. "రేవు కాడ నా మగోడు ఏ గుడ్డైనా ఉతికె, అబద్ధమెందుకు చెప్పల్ల. పురిటింటి వాకిట్లోకి మాత్రం నేనే పోవల్ల. ఆ బుట్ట నేనే ఎత్తల్ల." రేవు దగ్గర లేని విభజన ఆ వాకిట్లో ఉంది.

మరి మీ బిడ్డల గుడ్డలు ఎవరు ఉతికారని అడిగాను. కాన్పయిన ఆరో రోజు తనే ఉతుక్కుందట. "మాకెవరు చాకలి?" అంది.

నీళ్ళ సంగతి చెప్పకుండా ఇక్కడ గుడ్డల సంగతి చెప్పలేం. పాత అనంతపురం జిల్లాలో సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర. 2022లో ఈ మూడు ఊళ్ళూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి గానీ మబ్బులకు జిల్లా సరిహద్దులు తెలియవు. బోరుబావులు లోతుకు పోయి, చెరువుల్లో నీళ్ళు నిలవడం తగ్గాక చాకిరేవులు పాడుబడ్డాయి. సబ్బుబిళ్ళ, సోడా, పొడి అంగట్లోకి వచ్చాక చాలా ఇళ్ళల్లో ఉతుకు పెరట్లోకి మారింది. దాన్ని కులవృత్తి పతనం అని విచారంగా రాసినవాళ్ళున్నారు. అవ్వ విచారపడలేదు. ఇస్త్రీ బండి వచ్చాక వాకిట్లోకి పోయే పని తప్పిందని చెప్పింది. ఇస్త్రీకి వచ్చేవి ఉతికిన బట్టలు.

*

ధర్మవరంలో నేను వెతికింది వేరే ప్రశ్న. ఊరంతా పట్టు నేసే చోట బిడ్డ కింద ఏం వేశారు? ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లో ఆడవాళ్ళు కట్టుకున్న చీరల అంచులు మగ్గం మీదికి దిగాయని గర్వంగా చెప్తారు. నేను వెళ్ళిన ఇంట్లో ముందు గదంతా గుంతమగ్గం. పడుగు గది ఈ మూల నుంచి ఆ మూలకు చాచి ఉంది. మిగిలిన జాగాలో రాట్నం, పొయ్యి, మంచం.

ఆ ఇంటి అక్కకు అరవై దగ్గరికొచ్చాయి. మగ్గం మీద భర్త పేరు చెప్తారు గానీ కండెలు చుట్టడం, పోగులు అతకడం, తెగిన చోట కలపడం ఆడవాళ్ళ చేతుల మీదే నడుస్తుంది. ఆమె ముగ్గురు బిడ్డల్ని ఆ గదిలోనే పెంచింది. దూలానికి పాత చీర ఉయ్యాల, కింద రాట్నం. "బిడ్డ తడిపితే ఉచ్చ కారి పడుగు మీద పడకుండా చూసుకోవల్ల. ఒక్క మరక పడితే ఆ చీర సావుకారు తీసుకోడు. తీసుకున్నా కూలీలో కోస్తాడు. తడిచేత్తో పట్టు ముట్టుకోకూడదు. గుడ్డ మార్చి, చేయి కడిగి, తుడిచి, ఆరినాక మళ్ళీ రాట్నం. దినానికి ఇరవైసార్లు ఇట్లా అయితే కండెలు ఎప్పుడు చుట్టేది?"

పరిష్కారం ఏమిటంటే, పెద్దకూతురు. రెండో బిడ్డ పుట్టేటప్పటికి ఆ పిల్లకు ఏడేళ్ళు. గుడ్డ మార్చడం, నానబెట్టడం, జాడించడం, ఆరేయడం ఆమె పనులు. మూడో బిడ్డ పుట్టాక బడికి పోవడం మానేసింది. నేను వెళ్ళినప్పుడు ఆ కూతురు కూడా అక్కడే ఉంది, నాకంటే కొన్నేళ్ళు పెద్దది. మా అమ్మ చెప్పేదాకా నేనెందుకు బడి మానానో నాకు గుర్తులేదు, చదువు రాక మానాననే అనుకుంటాండా అంది. ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు గానీ, వాళ్ళ ముందు మొహం వేలాడేయడం కూడా మర్యాద కాదనిపించింది. బాలకార్మికుల గురించి మాట్లాడేటప్పుడు మనం మగ్గం గుంతలో కూర్చున్న పిల్లవాణ్ణి లెక్కపెడతాం. ఉయ్యాల పక్కన కూర్చున్న ఆడపిల్ల ఇంటిపనిలో ఉంటుంది, ఇల్లంటే ఇల్లే.

గుడ్డ ఎక్కడి నుంచి వచ్చిందన్నది కూడా ఆమే చెప్పింది, నేను అడగలేదు. పట్టు నేసేవాళ్ళు కట్టుకునేది నూలు. ఆ నూలు చీర మూడేళ్ళు కట్టి, చిరిగి, ఉతికి ఉతికి మెత్తబడితేనే ఉచ్చగుడ్డ అవుతుంది. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, తడి పీల్చదు. "జనతా చీర మాదిరి ఇంకేదీ ఉండదు" అంది. కేంద్రం 1976లో చేనేతకు పని కల్పించడానికి మొదలుపెట్టిన జనతా వస్త్రాల పథకం చీర అది. 1983 తర్వాత ఎన్టీఆర్ ప్రభుత్వం సగం ధరకు ఇచ్చిన చీరలూ ధోవతులూ కూడా అందరికీ గుర్తే. హిందూపురం మూడుసార్లు గెలిపించిన మనిషి కదా, ఆయన సంగతి వస్తే మా వైపు మాట ఆగదు. చవకరకం నూలు, పలచని నేత, కట్టుకోడానికి అంత బాగుండేవి కావు. బిడ్డ కింద వేయడానికి అంతకంటే మంచిది లేదు.

తర్వాత నైలెక్సు, పాలిస్టరు వచ్చాయి. 1985 జౌళి విధానం కృత్రిమ నూలుకు దారి వెడల్పు చేసింది. ఆరేళ్ళు కట్టినా చిరగని, ఇస్త్రీ అక్కర్లేని, తొందరగా ఆరిపోయే చీర పనిచేసే ఆడవాళ్ళకు ఎంత సుఖమో నేను చిన్నప్పుడు అమ్మను చూసి తెలుసుకున్నాను. కానీ ఆ చీర ఎంత పాతబడినా ఉచ్చగుడ్డ కాదు. నీళ్ళు దాని మీద నిలబడతాయి. డైపర్ కంపెనీల ప్రకటనలు రాకముందే ఇళ్ళల్లో పాత నూలు గుడ్డ కరువైంది. దీన్ని గురించి ఎవరూ రాయగా నేను చూడలేదు. 'పాశ్చాత్య అలవాటు వచ్చి మన గుడ్డను తరిమేసింది' అని తేలిగ్గా అనేస్తాం. పాత గుడ్డ అప్పటికే పోయింది. అవ్వ చీరలు దాచిన మా అమ్మలాంటి వాళ్ళ బీరువాల్లో మిగిలింది.

*

ఇక డైపర్. దీని చరిత్ర కూడా ఉతుకు మీద విసుగుతోనే మొదలైంది. అమెరికాలో మారియన్ డోనోవన్ 1946లో స్నానాలగది ప్లాస్టిక్ తెర కత్తిరించి, గుడ్డ పైన వేసే తడి కారని తొడుగు కుట్టింది. కాగితంతో పారేసే రకం చేద్దామంటే ఏ కంపెనీ వినలేదు. అదే కాలంలో ఇంగ్లండులో వాలరీ హంటర్ గోర్డన్ మూడో బిడ్డ పుట్టాక ఇక ఉతకలేనని తీర్మానించుకుంది. యుద్ధంలో మిగిలిన పారాచూట్ నైలాన్ తొడుగులో, వాడి పారేసే దూది మెత్తలు పెట్టి 'పాడ్డీ' తయారు చేసింది. తర్వాత ప్రోక్టర్ అండ్ గాంబుల్‌లో విక్టర్ మిల్స్ బృందం చేసిన పాంపర్స్ 1961లో అంగట్లోకి వచ్చింది. తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్ళు పీల్చే సోడియం పాలీఅక్రిలేట్ పొడి 1980లలో చేరాక డైపర్ పలచబడి, రాత్రంతా ఆగేదైంది. మన దేశానికి 1990ల మధ్యలో హిందుస్తాన్ లీవర్, కింబర్లీ క్లార్క్ ఉమ్మడి కంపెనీ హగ్గీస్ తెచ్చింది. కంపెనీల లాభాపేక్ష గురించి ఎంతైనా రాయొచ్చు, రాయాలి కూడా. అయినా ఆ ఇద్దరు స్త్రీల విసుగు నాకు పరాయిది కాదు. అది అమ్మ వేళ్ళ సందుల్లో కనిపించింది.

మా ఇంట్లో పనిచేసే అక్క కూతురు హిందూపురం పక్కన గార్మెంట్ ఫ్యాక్టరీలో లైన్‌లో కూర్చుంటుంది. పొద్దున ఏడింటికి బస్సు. బిడ్డకు రోజుకు రెండు డైపర్లు కొంటుంది, ఒకటి పది రూపాయలకు అటూ ఇటూ. చిన్న ప్యాకెట్లు వీధి అంగట్లో షాంపూ పొట్లాల పక్కనే వేలాడతాయి. "ఒకటి బస్సెక్కే ముందు, ఇంకొకటి రాత్రికి. రాత్రి నిద్రలేకుంటే మిషను మీద సూది వేలికి దిగుతుంది" అని ఆమె చెప్పింది. ఆమె ముందు 'గుడ్డలు వాడకూడదా' అని అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

ఈ సందర్భంలో 1948 ఫ్యాక్టరీల చట్టం మళ్ళీ చదివాను. సెక్షన్ 48 శిశుసంరక్షణ గది గురించి. మొదట యాభై మందికి పైగా ఆడవాళ్ళు పనిచేసే చోట, 1976 సవరణ తర్వాత ముప్పై మందికి పైగా ఉన్న చోట, ఆ గది ఉండాలి. అందరికీ తెలిసిన భాగం ఇంతే. దాని కింద ఇంకో వాక్యముంది. ఆ గదుల్లో బిడ్డల బట్టలు ఉతకడానికీ మార్చడానికీ వసతి ఉండాలని రాష్ట్ర ప్రభుత్వం నియమాలు చేయొచ్చు. అంటే స్వతంత్రం వచ్చిన మరుసటేడు, ఢిల్లీలో చట్టం రాసినవాళ్ళకు ఉచ్చగుడ్డలు గుర్తున్నాయి! వాటిని ఉతకడం తల్లి సొంత పని అని వదిలేయకుండా ఫ్యాక్టరీ ఖర్చులో రాశారు. మన పాటల్లోకి రానిది చట్టంలోకి వచ్చింది. 2025 నవంబరులో ఈ చట్టం స్థానంలో కొత్త కోడ్ అమల్లోకి వచ్చింది. గది ఉండాల్సిన పరిమితి ఇప్పుడు ఆడా మగా కలిపి యాభై మందికి పైన. బిడ్డను ఫ్యాక్టరీకి తీసుకుపోతావా అని ఆమెను అడిగాను. ఆ బస్సులో బిడ్డనెట్లా ఎక్కించేది అక్కా, నిలబడేకే జాగా ఉండదు, అంది.

గుడ్డ మంచిదా డైపర్ మంచిదా అని బ్రిటన్‌లో లెక్కలు కట్టారు. 2008లో అక్కడి ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ లెక్కలో రెండున్నరేళ్ళ కాలానికి రెండింటి కార్బన్ భారమూ దాదాపు సమానం, డైపర్‌కు 550 కిలోలు, గుడ్డకు 570. వేడినీళ్ళ మిషను, కరెంటుతో ఆరబెట్టే యంత్రం గుడ్డ ఖాతాలో పడ్డాయి. తీగ మీద ఆరేసి, రెండో బిడ్డకూ అవే వాడితే గుడ్డ భారం బాగా తగ్గుతుందని కూడా ఆ నివేదికే చెప్పింది. 2023లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన కొత్త లెక్కలో గుడ్డ భారం డైపర్ కంటే పాతిక శాతం తక్కువ. మా హిందూపురం ఎండలో అయితే గుడ్డే గెలుస్తుందని నాకు తోస్తుంది. ఆ పట్టికల్లో కరెంటుకు గడి ఉంది, నీళ్ళకు ఉంది, సబ్బుకు ఉంది. చేతులకు లేదు. ఉతుకు మిషను చేసే దేశంలో అది సరిపోతుందేమో.

డైపర్‌తో ఉతుకు పోయింది, మురికి పోలేదు. ఊరి బయట దిబ్బల్లో, మురిక్కాలువల్లో ఉబ్బిపోయిన తెల్లటి మూటలు చూడనివాళ్ళు లేరు. 2016 ఘనవ్యర్థాల నియమాలు వాడిన డైపర్లను విడిగా పొట్లం కట్టివ్వాలని, ఆ పొట్లానికి కవరు కంపెనీలే ఇవ్వాలని చెప్పాయి. నేను కొన్న ఏ ప్యాకెట్లోనూ ఆ కవరు కనిపించలేదు. అవును, నేనూ కొన్నాను. రెండో నెల నుంచి రాత్రిపూటకు. అమ్మ చేతులు చూశాక గుడ్డల పట్టుదల సగానికి సడలింది. పొద్దున చెత్తబండి తెచ్చే ఆమె చేతికి తొడుగు లేకుండా బక్కెట్టు కుమ్మరించుకుని, పొడిదీ తడిదీ వేరుచేసేటప్పుడు మా పాప డైపర్ ఆమె వేళ్ళ మధ్య చూశాను. పెనుకొండ అవ్వ వాకిట్లో ఎత్తిన బుట్ట గుర్తొచ్చింది. ఆమెకు మా ఇల్లు తెలుసు, మేర ఉంది, ఒక చేట బియ్యం ఉన్నాయి. ఈమెకు మా పేర్లు కూడా తెలియవు. ఏది మెరుగో చెప్పడం కష్టం. తిట్టేవాళ్ళెవరో తెలియకపోవడం కూడా ఒక సుఖమే కావచ్చు.

పగటి గుడ్డలు ఆ తర్వాత నేనే ఉతికాను. బెంగుళూరు వెళ్ళాక మిషను ఉతికింది, మిషనులో వేసి తీసి ఆరేసే పని వంతులు వేసుకున్నాం. వంతుల గురించి మా ఇద్దరికీ జరిగిన గొడవలు ఈ వ్యాసంలో పట్టవు.

మొన్న సంక్రాంతికి హిందూపురం వెళ్ళినప్పుడు అమ్మ ఆ మూట మళ్ళీ తీసింది. పాపకు ఇక అక్కర్లేదు, నేల తుడవడానికి వాడదామా అని. పనిచేసే అక్క చూసి, మనవరాలికి తీసుకుపోతానంది. నాకు ఆశ్చర్యంగా అనిపించి, ఎవరు ఉతుకుతారక్కా అని అడిగాను. "నేనే. మా బిడ్డవి కదా, ఊరోళ్ళవా?" అంది. పగలంతా మనవరాలు ఆమె దగ్గరే ఉంటుంది. రోజుకు రెండే డైపర్లు, మిగతా పొద్దుకు గుడ్డలు కావాలి. మూటంతా వరండాలో పరిచి, ఒక్కొక్కటీ వెలుతురుకు ఎత్తి చూసింది, వేళ్ళతో నలిపింది. పాలిస్టరు కలిసినవి పక్కకు తీసేసింది. నూలువి పదకొండు తేలాయి.